కాలువకు అడ్డం పెట్టిన బండ

పంతొమ్మిదివందల యాభైల్లో ఎమ్మిగనూరులో బడిపంతులుగా ఉన్నప్పుడు, నూలుకు రంగులద్దే ఒక ముసలాయన ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. మా వీధి స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు, పసిపిల్లల గుడ్డలు ఉతికిన నీళ్లు అన్నీ ఒకే మురుగుకాలువలో పడి ఊరి వాగైన వంకలో కలిసేవి. కాలువ పడేచోటికి కాస్త దిగువనే, వంక ఇసుకలో చెలమ తవ్వుకుని కూలివాడ ఆడవాళ్లు కడవలు నింపుకునేవారు. ఊరబావిని వాళ్లు తాకకూడదు.

ఆ వేసవిలో వాడంతా వాంతులు, భేదులు. పత్తి తీసే కూలికి పోయే ఒకామె పెద్దబిడ్డను పూడ్చిపెట్టింది. చంకలో ఇంకొకడు మిగిలాడు. వాణ్ణి ఎత్తుకునే వచ్చి, మా వీధి దిగువ కొసన మిద్దె ఇంట్లో ఉండే పెద్దాయన వాకిట్లో నిలబడి, మురుగు మళ్లించమని అడిగింది. నేనక్కడే ఉన్నాను.

"ఇసకలో దిగితే ఏ నీళ్లయినా గంగేనమ్మా. మీ వాడ మీద అమ్మవారికి కోపమొచ్చినాది. జాతర సేయండి పోండి," అన్నాడాయన.

"గంగే అయితే మీరూ ఒక చెంబు తాగండి," అన్నాను.

"అయివారికి సదువెక్కువై పైత్యం సేసినాది," అని నవ్వాడు.

మాటలతో తేలదని అర్థమైంది. ముసలాయన దగ్గర ఆదోని నుంచి తెచ్చిన ఎర్రరంగు ఉంది. ఆ రోజుకు నీళ్లు ముందే పట్టి పెట్టుకోమని ఎందుకో చెప్పకుండానే వాడలో ఇల్లిల్లూ తిరిగి చెప్పి, తెల్లవారగానే ఇద్దరం తొట్టెడు రంగునీళ్లు మురుగులో కుమ్మరించాం. మధ్యాహ్నానికి చెలమ ఎర్రబారింది. గెలిచాననుకున్నాను.

గంట తిరగకముందే చెలమ చుట్టూ పసుపు, వేపాకు, కొబ్బరిచిప్పలు చేరాయి. అమ్మవారు వెలసిందట! అందరికంటే ముందు చెంపలు వేసుకున్నది పెద్దాయనే. నా రుజువుకే దండం పెడుతున్నారు. గొంతు చించుకున్నా వినేవాడు లేడు.

అప్పుడు ముసలాయన తెల్లనూలు పోగుల కట్ట, చిలప ఒకటి చెలమలో ముంచి పైకెత్తాడు. నూలు లేత ఎరుపెక్కింది.

"నలభై ఏండ్లు తొట్టిలో సేతులు పెట్టినోణ్ణి. నా రంగు నాకు తెలీదా? పొద్దున కాలవలో నేనే పోసినా. అమ్మవారు నా కాడ రంగు కొనుక్కుంటాదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన తగ్గలేదు. "నీ సేత పోయించింది ఆ తల్లే!"

బిడ్డ తల్లి ముందుకొచ్చింది. "అట్లయితే నా సేతా ఒకటి సేయిస్తాంది, సూడు."

బిడ్డను నా చేతుల్లో పెట్టి, గట్టు మీది బండను దొర్లించుకుంటూ పోయి కాలువ నోటికి అడ్డం పెట్టింది. మిగతా ఆడవాళ్లు సందుల్లో నల్లరేగడి మెత్తారు.

సాయంత్రానికి మురుగు వెనక్కి తన్ని మిద్దె ఇంటి గడప దాటింది. పెద్దాయన ముక్కుకు పంచె అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"బండ తియ్యి! ఇల్లంతా కంపు!"

"గంగే గదా పెద్దయ్యా. కండ్లకద్దుకో."

నా ఉద్యోగం ఊడబెరికిస్తానన్నాడు. పెరికించుకోమని వెళ్లి ఆడవాళ్ల పక్కన కూర్చున్నాను. వాళ్లు వంతులేసుకుని ఆ బండ దగ్గరనుంచి కదల్లేదు.

మూడోరోజు పై వీధివాళ్లే పలుగూ పారా పట్టుకుని దిగివచ్చారు. వాళ్లు చెప్పిన ఏర్పాటు ఇది: వంకకు దూరంగా బీడులో మూడు గుంతలు తవ్వాలి. మడ్డి మొదటిదానిలో దిగాలి, రెండోదానిలో గులకరాళ్లు, మూడోదానిలో ఇసుక, అక్కడినుంచి నీళ్లు పసులగడ్డికి పోవాలి. అందాకా మురుగు వంకలోకే పోవాలి గనుక బండ తీయమన్నారు.

"గుంతలయ్యేదాకా మా కడవలు ఊరబావిలో మునుగుతాయి. ఒప్పుకుంటేనే బండ తీసేది," అంది బిడ్డ తల్లి.

ముక్కులు మూసుకునే ఒప్పుకున్నారు. కడవలు మునిగాయి. బావి ఎండిపోలేదు, ఎవరి కళ్లూ పోలేదు. బిడ్డ బతికాడు.

గుంతలు పూర్తయ్యాక కూడా ఆమె ఊరబావికి పోవడం మానలేదు. ఇక చాలని చెప్పడానికి వచ్చినవాళ్లకు కాలువ వైపు చెయ్యి చూపేది. బండ దూరమేమీ పోలేదు, అక్కడే గట్టున ఉంది.