తొవ్వ కోసం చేసిన రొట్టెలు

మా మేనత్త పోయిందని మస్కట్ నుంచి మామ ఫోన్ చేసినప్పుడు నేను రాయచూరు బస్టాండులో సిరవార బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మీ అత్త రొట్టె తట్టుకుంట తట్టుకుంట కూసున్నది బిడ్డా. మళ్ల లేవలే," అన్నాడు. బస్సు వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. మొదట గుర్తొచ్చింది యాపలదిన్నిలో మా ఇంటి అటక మీద రేకు డబ్బాలో ఉన్న ఆమె రొట్టెలు.

ఆ రొట్టెల సంగతి చెప్తేనే ఆమె మీకు తెలుస్తుంది.

మామ అక్కడ నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. పెళ్లయిన కొన్నాళ్లకే అత్త కూడా వెళ్లింది. పిల్లలు లేరు. ఒక గది, ఒక వంటిల్లు, ఎదుటి గోడ తప్ప ఏమీ కనిపించని ఒక కిటికీ. శుక్రవారం వస్తే మన వైపు నుంచి కూలికి వచ్చిన కుర్రాళ్లంతా ఆమె రొట్టె కోసం మెట్ల మీద వరుసగా కూర్చునేవారు. మొన్న జూలైలో, డిగ్రీ అయ్యాక ఒకచోట కాలు నిలవక తిరుగుతున్న నన్ను రమ్మంది. "నీ కాళ్లకు చక్రాలున్నయి కదనే కోడలా, గా చక్రాలు గిట్ల తిప్పు. చీరెలు గీరెలు వద్దు, జొన్నపిండి తే."

నా పెట్టెలో బట్టలకంటే పిండే ఎక్కువ. అక్కడి విమానాశ్రయంలో ఒక అధికారి మూట విప్పించి, ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా తుమ్మాడు. ఈ మాట విని అత్త నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంది. "పోనీ తియ్యి, వాని ముక్కుకు గూడ మన ఊరు తెలిసింది!"

పిండి ఎందుకంటే, సలాలా ప్రయాణానికి. మస్కట్ నుంచి ఎడారిలో రోజంతా కారులో పోతే వస్తుందా ఊరు. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ సన్నటి జల్లు పడుతూ కొండలు పచ్చబడతాయి. మామ ఫోనులో ఆ కొండల వీడియో అత్త ఎన్నిసార్లు చూసిందో. అన్నేళ్లు ఉండి ఆమె మస్కట్ దాటి ఎక్కడికీ పోలేదు. విమానం ఎక్కింది కదా అంటే కొట్టిపారేసేది: "గది ఒక పయనమా? తొవ్వ కనబడనిది పయనమెట్లయితదే?" దారిని మా వైపు తొవ్వ అంటాం. ఆమెకు కావలసింది ఒక్కటే. కారు అద్దం దించి, మొహం బయట పెట్టి, వానలో తడవడం.

నేనున్న రోజులన్నీ ఆ తయారీలోనే గడిచాయి. మామ స్నేహితుడి కారు మాట్లాడి టైర్లు చూపించుకొచ్చాడు. అత్త పొద్దున్నే లేచి రొట్టెలు తట్టేది. పెనం మీదే నొక్కి నొక్కి కాల్చి, మంచం మీద పాత చీర పరిచి ఫ్యాను గాలికి ఆరబెట్టేది. మా వైపు కడక్ రొట్టె అలా ఎండిందంటే నెలలైనా చెడదు. మంచమంతా రొట్టెలే కాబట్టి ముగ్గురం కింద పడుకునేవాళ్లం. "మీ అత్త రొట్టెలకు ఇల్లు కట్టింది, మనం కిరాయికి ఉన్నం," అనేవాడు మామ. ఒకసారి నేనొక అంచు విరవబోతే చేతి మీద కొట్టింది. "తొవ్వ కోసం చేసినవి తొవ్వలనే తినాల. అది గూడ ఫస్టు తునక తొవ్వకు పెట్టినంకనే. తీసుకపోయేది తొవ్వనే గద, దానికి ఆకలి కాదా?"

బయల్దేరే ముందురోజు మామతో పనిచేసే ఇంకో డ్రైవరు ఆసుపత్రిలో చేరాడు. మామ సెలవు రద్దయింది. అత్త మంచం ఖాళీ చేసి, రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, చీర ముక్కలో మూటగట్టి నా పెట్టెలో పెట్టింది. "ఈడ ఉంటే శుక్రవారం పోరగాళ్లు మిగలనియ్యరు. దాచు. మళ్ల ఏడాది వచ్చెటప్పుడు పట్టుకరా, పోదాం." కిటికీ దగ్గరికి వెళ్లి ఎదుటి గోడను చాలాసేపు చూసింది. నన్ను సాగనంపేటప్పుడు మాత్రం నవ్వింది.

మళ్లీ ఏడాది రాలేదు. దసరా పోయిన కొన్నాళ్లకే ఆమె శవమై పెట్టెలో వచ్చింది. మామ కూడా అదే విమానంలో వచ్చాడు. హైదరాబాదు విమానాశ్రయానికి నేనూ నాన్నా వెళ్లాం. బయల్దేరే ముందు అటకెక్కి ఆ మూట తీసుకున్నాను.

అంబులెన్సులో నాన్న ముందు కూర్చున్నాడు. వెనక పెట్టెకు ఒక పక్క నేను, ఒక పక్క మామ. మహబూబ్‌నగర్ దాటుతుండగా వాన పట్టుకుంది. కృష్ణ వంతెన మీద ఏటికీ ఆకాశానికీ తేడా తెలియలేదు. వంతెన దిగాక రెండు వైపులా కంది చేలు తడిసి నల్లటి పచ్చగా ఉన్నాయి. మామ అప్పటిదాకా నోట్లో నీళ్లు కూడా పోసుకోలేదు. నేను మూట విప్పి ఒక రొట్టె విరిచాను. మూడు నెలల రొట్టె, నిన్న చేసినట్టే ఫెళ్లుమంది.

ఆ చప్పుడుకు మామ తలెత్తాడు. "తొవ్వకు పెట్టినవా?" అన్నాడు.

తనే లేచి అద్దం జరిపాడు. నేను మొదటి తునక బయటికి విసిరాను. రెండోది ఆయన చేతిలో పెట్టాను. ఏడుస్తూనే నమిలాడు. యాపలదిన్ని దాకా ఆ అద్దం ఎవరమూ మూయలేదు. వాన జల్లు లోపలికి కొట్టి పెట్టె మీద పడుతూనే ఉంది, సరిగ్గా ఆమె మొహం ఉండే చోట.