ఎడమ పక్క బటన్లు

నా చిన్నప్పుడు ఒక ఏడాదిపాటు మా ఇంట్లో ‘చెయ్యి’ అన్న మాట ఎవరి నోటా రాలేదు. అనొద్దని ఎవరూ చెప్పలేదు. ముందు అమ్మ మానేసింది, ఆమెను చూసి మేమూ మానేశాం. అన్నానికి పిలిచేటప్పుడు కూడా ‘కడుక్కుని రండి’ అని ఊరుకునేది. సాయంత్రం ప్రార్థనలో ఊళ్ళోవాళ్ళ జ్వరాల దగ్గర్నుంచి మా గేదె ఈత దాకా అన్నీ ప్రభువుకు విన్నవించుకునేది గానీ, అన్నయ్య వంతు వచ్చేసరికి ‘నా బిడ్డను కాపాడు తండ్రీ’ అని ఒక్క ముక్కతో ముగించేది. దేవుడికి మాత్రం విడమరిచి చెప్పకపోతే ఎలా తెలుస్తుందని నాకు లోపల కోపంగా ఉండేది.

మాది పర్చూరు దగ్గర ఒక పల్లె. నాన్న, బాబాయి కలిసి కౌలు చేలో మిరప వేసేవాళ్ళు. అన్నయ్య నాకంటే చాలా పెద్దవాడు. ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలం, మార్టూరు వైపు రాళ్ళు పాలిష్ పట్టేచోట పనికి కుదిరాడు. ఇంట్లో గడవక వెళ్ళలేదు. వాడికి కంప్యూటర్ కావాలి, అదీ గేములు ఆడుకునేది. పర్చూరులో నెట్ సెంటర్‌కు వెళ్ళి ఆడుతుంటే మిగతా కుర్రాళ్ళు తమ ఆట ఆపి వీడి వెనక నిలబడేవాళ్ళు. ఆ మెషీన్లు సరిగ్గా గెలిచే సమయానికి బిగుసుకుపోతాయని వాడు తిట్టుకునేవాడు. షాపువాడు బిగించి ఇచ్చింది కొనడం దండగనీ, ఒక్కో సామాను మనమే ఏరి తెచ్చుకుంటే తక్కువలో మంచిది తయారవుతుందనీ వాడి నమ్మకం.

ఆ పాఠమంతా వినే మనిషి ఇంట్లో నేనొక్కదాన్నే. కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు వేరుచేస్తూ పక్కపక్కన కూర్చుంటే, నా ముక్కు కారుతున్నా వాడి ఉపన్యాసం ఆగేది కాదు. మదర్‌బోర్డు దగ్గర లోభించకూడదు, దాన్ని మళ్ళీ మార్చలేం. ర్యామ్ ముందు కొంచెం వేసుకుని తర్వాత పెంచుకోవచ్చు. మానిటర్ వాడిందైనా పర్వాలేదు. ఆటలో బొమ్మలు ఆగకుండా కదలాలంటే గ్రాఫిక్స్ కార్డే ప్రాణం, మిగతావాటిలో మిగిల్చి దానికి పెట్టాలి. మోటార్లన్నీ వేసే వేళకి మా ఊళ్ళో బల్బు దీపంలా అయిపోతుంది కాబట్టి స్టెబిలైజర్ తప్పదు. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా నాకు అంతా నోటికొచ్చేసింది.

ఆ పనిలోనే ఒక రాతి పలక జారి వాడి ఎడమ చేతి మీద పడింది. గుంటూరు ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు.

ఇంటికి వచ్చాక అన్నయ్య తువ్వాలు చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఒకసారి అమ్మతో, తను ఉండి ఎవరికి ఉపయోగం అన్నాడట. అది విన్న రోజే బాబాయి వచ్చి, మా కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తన ఇంటికి మోసుకుపోయాడు. ఎందుకని నేను అడిగితే ఎలుకలు కొడుతున్నాయన్నాడు. నేను చిన్నదాన్నే గానీ అంత చిన్నదాన్ని కాదు. ఆ రోజు నుంచి బడి వదలగానే పరుగెత్తుకుంటూ వచ్చి, వాడి వీపు ఊపిరికి కదులుతోందో లేదో చూసుకున్నాకే సంచి కింద పెట్టేదాన్ని.

మిరపకాయలు అమ్ముడైన రోజుల్లో బాబాయి నన్ను కల్లం దగ్గరకు పిలిచాడు. అన్నయ్య చెప్పే సామాన్లన్నీ గుర్తున్నాయా అని అడిగాడు. గడగడా అప్పజెప్పాను. ఆయన మొహం వెలిగింది. మర్నాడు మిర్చి యార్డుకు టిక్కీలు వేసుకెళ్ళే లారీలో, ఆ బస్తాల ఘాటుకు తుమ్ముకుంటూ, ఇద్దరం గుంటూరు బయల్దేరాం.

ఆ పూటంత సంతోషం నాకు మళ్ళీ చాలా ఏళ్ళదాకా లేదు. మేడ మీద ఇరుకు షాపు. బాబాయి ప్రతి సామానూ విత్తనాల ప్యాకెట్‌లా అటూ ఇటూ తిప్పి చూసేవాడు. నేను అన్నయ్య మాటలు చెబుతుంటే షాపాయన నవ్వుతూ అట్టపెట్టెలు దించేవాడు. మదర్‌బోర్డు కొత్తది, మానిటర్ ఎవరో వాడి ఇచ్చింది. గ్రాఫిక్స్ కార్డు కూడా వాడిందే గానీ, దానికోసం పెద్ద స్పీకర్లు వద్దనుకున్నాం. ఆడేదెవరని షాపాయన అడిగితే, మా అబ్బాయండీ, భలే ఆడతాడు అన్నాడు బాబాయి. అయితే కీబోర్డు చూసి తీసుకోమన్నాడాయన. గేములాడే వాళ్ళు ఎడమ పక్క బటన్లతోనే బొమ్మను నడిపిస్తారనీ, అవి మెత్తగా దిగాలనీ చెప్పాడు. బాబాయి ఎడమ చేతి వేళ్ళతో ఒక కీబోర్డు నొక్కి, గట్టిగా ఉందని పక్కన పెట్టాడు. ఇంకొకటి నాకిచ్చాడు. నేనూ ఎడమ చేత్తోనే నొక్కి చూసి, ఇదే బాగుందన్నాను.

మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మూర్ఖత్వమని సరిపెట్టుకుందామంటే, బాబాయి మూర్ఖుడు కాడు, నేనూ కాదు. ఆ మాట అనకుండా అనకుండా, మేము ఆలోచించడం కూడా మానేశాం. మా మనసులో అన్నయ్య రెండు చేతులతో అలాగే ఉన్నాడు.

షాపాయన పంపిన కుర్రాడు అన్నీ బిగించి, గేము కూడా ఎక్కించి వెళ్ళాడు. అమ్మ వాకిట్లో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నయ్య లేచి వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు. కుడి చేత్తో మౌస్ పట్టుకున్నాడు. తెర మీద బొమ్మ తుపాకీ పట్టుకుని నిలబడింది. తువ్వాల్లో ఉన్న ఎడమ చెయ్యి దానంతటదే కీబోర్డు వైపు లేచి, సగంలో ఆగిపోయింది. అప్పుడు చూశాం మేము. అందరం ఒకేసారి చూశాం. బొమ్మ కదలకుండా నిలబడే ఉంది, ఎవరో వచ్చి దాన్ని చంపేశారు.

‘బాగుంది బాబాయ్’ అన్నాడు అన్నయ్య.

ఆ తర్వాత రోజూ సాయంత్రం బాబాయి వచ్చే వేళకి లేచి కూర్చుని, కంప్యూటర్‌లో ఉండే పేకాట ఒంటిచేత్తో ఆడేవాడు. అంత ఏరి ఏరి తెచ్చిన గ్రాఫిక్స్ కార్డు మీద పేకముక్కలు. బాబాయి వెళ్ళగానే ఆపేసి మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. మా సంతోషం కోసం వాడు నటిస్తున్నాడు, వాడి సంతోషం కోసం మేము చూస్తున్నాం.

చివరికి అది భరించలేకపోయింది బాబాయే. ఒక సాయంత్రం వచ్చి, పేకాట ఆడుతున్న అన్నయ్య పక్కన నేల మీద చతికిలబడ్డాడు. తువ్వాలు విప్పి, మొండి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అమ్మ వద్దన్నట్టు ముందుకొచ్చింది. ఆయన ఆగలేదు.

‘ఒరేయ్ నాన్నా, నీకు చెయ్యి పోయింది. ఎడం చెయ్యి పోయిందిరా. నేను మర్చిపోయి ఇది తెచ్చాను.’

అన్నయ్య మౌస్ వదిలేశాడు. తర్వాత, ‘నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా బాబాయ్’ అన్నాడు. అని బావురుమన్నాడు. ఆసుపత్రిలో కూడా ఏడవని వాడు, పశువు అరిచినట్టు ఏడ్చాడు. రాత్రుళ్ళు లేని వేళ్ళు నొప్పెడతాయనీ, చెబితే పిచ్చెక్కిందనుకుంటారని చెప్పలేదనీ, అమ్మ మొహం తిప్పుకున్నప్పుడల్లా చచ్చిపోవాలనిపించేదనీ ఆ ఏడుపులోనే చెప్పాడు. బాబాయి ఆ చెయ్యి వదల్లేదు.

అక్కడితో అంతా చక్కబడిందని చెప్పను. ఎడమ పక్క బటన్లు నేను నొక్కితే మౌస్ వాడు తిప్పేలా కొన్నాళ్ళు ప్రయత్నించాం. వాడు చెప్పేలోపు బొమ్మ చచ్చేది. ఒకరోజు, ఇక చాల్లేవే అని లేచిపోయాడు. మళ్ళీ ఏ గేమూ ఆడలేదు. ఆ కంప్యూటర్ మిరప ధూళి పట్టి మూలపడింది. అన్నయ్య బతికాడు, అంతే. నవ్వడం మాత్రం మునుపటిలా మళ్ళీ రాలేదు. కానీ పురుగుమందు డబ్బాలు మా కొట్టానికి తిరిగొచ్చాయి, నేను బడి నుంచి నడిచే ఇంటికి రాసాగాను.

గత ఏడాది బాబాయి ఆసుపత్రిలో ఉన్నారు. చుట్టాలంతా వచ్చి తగ్గిపోతుందనీ, వచ్చే పంటకి చేలో ఉంటావనీ చెప్పి వెళ్తున్నారు. ఆయన అందరికీ తల ఊపుతున్నారు. ఆ తల ఊపడం నాకు తెలుసు, అన్నయ్య పేకాట లాంటిదే. అందరూ బయటికి వెళ్ళాక మంచం పక్కన కూర్చున్నాను. చెప్పాను. ‘బాబాయ్, ఇది తగ్గేది కాదంటున్నారు. మీకేం కావాలో చెప్పండి.’

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నా మీద కోపం లేదు ఆ కళ్ళలో. ‘అయితే ఈ గొట్టాలు తీయించి ఇంటికి తీసుకుపొండమ్మా’ అన్నారు.

తీసుకొచ్చాం.