పెరట్లో నా గొంతు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. చచ్చిపోయిన మామ గొంతు విన్నానని ఎవరైనా చెబితే, రాత్రి ఏం తాగినావప్పా అని అడిగే రకం నేను. అయితే నేను విన్నది చచ్చినవాడి గొంతు కాదు. బతికున్న మనిషిది. ఆ మనిషిని నేనే. జరిగింది జరిగినట్టు రాస్తాను, నమ్మమని ఎవరినీ బతిమాలను.

కర్నూలు ఉల్లి యార్డులో, మండీ నడిపే ఒక శెట్టిగారి దగ్గర నాది వేలంలో రేట్లు అరిచే పని. ఉల్లి కుప్ప ముందు నిలబడి నేను రేటు పలికితే అవతలి షెడ్డులో బస్తాలు మోసేవాళ్ళకు కూడా వినబడేది. నా గొంతు వింటే రైతుకు ధైర్యం అని శెట్టిగారే నలుగురిలో అనేవారు. ఆ మాట విని చాలా ఏళ్ళు పొంగిపోయాను.

తర్వాత గొంతులో క్యాన్సరని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేసి, ఊపిరి కోసం మెడ ముందు రంధ్రం పెట్టారు. పైన కరెంటు, అదే రేడియేషన్, కూడా పెట్టారు. ఆ రంధ్రాన్ని ఎలా కడుక్కోవాలో, స్నానంలో నీళ్ళు పోకుండా ఏం చేయాలో నర్సమ్మలు ఓపిగ్గా నేర్పించారు. మాట లేకుండా ఇంట్లో ఎలా బతకాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. రాసి చూపించు అని ఒక పలక ఇచ్చి పంపించారు.

నా భార్య రత్నమ్మకు చదువు రాదు. ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు. నాకూ ఇంటికొచ్చి పలక పట్టుకునేదాకా తట్టలేదు. మాకు పిల్లలు లేరు. నేను పలక మీద రాస్తే పక్కింటి టీచరమ్మ వచ్చి చదివి వినిపించేది. జావలో ఉప్పు తక్కువైందని అలా చెప్పించవచ్చు. భయంగా ఉంది, కాసేపు నా దగ్గర కూర్చో అని పరాయి మనిషి చేత ఎలా చెప్పిస్తాం?

యార్డు వాళ్ళు మొదట్లో గుంపుగా వచ్చారు. వచ్చినవాళ్ళంతా నాతో గట్టిగా అరిచి మాట్లాడారు. పోయింది గొంతు, చెవులు కాదని చెప్పడానికి నా దగ్గర గొంతే లేదు. తర్వాత రావడం మానేశారు. నీ చోటు నీదేనని చేతిలో చెయ్యేసి చెప్పిన శెట్టిగారు, నేను ఆసుపత్రిలో ఉండగానే ఇంకొకరిని పెట్టుకున్నారు. కబురు కూడా పంపలేదు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు.

అన్నిటికంటే నన్ను కుదిపేసింది రత్నమ్మ. మొదట్లో నా ముందు కూర్చుని సైగలు అర్థం చేసుకోవాలని చూసేది, అర్థం కాక ఏడ్చేది. కొన్నాళ్ళకు ఏడుపు ఆగిపోయింది. ముఖం తేటపడింది. నేను ఇలా ఉంటే ఈమెకు ఇంత కులాసా ఎక్కడిదని నాకు ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఉన్నాను. రత్నమ్మ పెరట్లో బియ్యం ఏరుతోంది. ఎవరితోనో మాట్లాడుతోంది. కాసేపు ఆగి, నవ్వి, మళ్ళీ మాట్లాడుతోంది. ఫోనేమో అనుకున్నాను. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది నా తలగడ పక్కనే ఉంది. అప్పుడు వినబడింది.

"రత్నా, ఉగ్గాని చేసి శానా దినాలాయ కదే."

అది నా గొంతు. యార్డులో అరిచే గొంతు కాదు, ఇంట్లో ఆమెతో మాట్లాడే గొంతు. నా చెయ్యి మెడ మీదికి పోయింది. రంధ్రం మీద కట్టిన గుడ్డ ఊపిరికి కదులుతోంది, అంతే.

రత్నమ్మ బదులిచ్చింది. "ఆయన మింగలేడు కదప్పా. నీ ఒక్కడి కోసం ఎట్ల చేసేది?"

లేచి గుమ్మం దాకా పోయాను. నీళ్ళ తొట్టి వైపు తిరిగి కూర్చుని ఉంది. తొట్టి దగ్గర ఎవరూ లేరు. నన్ను చూసి, దొరికిపోయినట్టు తల దించుకుని బియ్యం ఏరసాగింది. పక్కింటికి తాళం వేసి ఉంది. ఇంట్లో టీవీ ఆపి ఉంది. నా గొంతు రికార్డు చేసినవాళ్ళు ఎవరూ లేరు, మా ఫోనులో ఆ సదుపాయమే లేదు. ఇవన్నీ ఆ రోజే చూసుకున్నాను.

మరొకటి కూడా చెప్పాలి. ఆ పొద్దంతా నాకు ఉగ్గాని మీదికే, ఆ బొరుగుల తాలింపు మీదికే మనసు పోయింది. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత చాలా మధ్యాహ్నాలు విన్నాను. మాటలు అన్నిసార్లూ తెలిసేవి కావు, గొంతు తెలిసేది. వాళ్ళిద్దరూ బాగానే ఉన్నారు. ఇన్నేళ్ళు పసుపు పాలు పోసి కాపాడుకున్న గొంతు నన్ను వదిలిపోయి, పెరట్లో నా పెళ్ళాంతో కబుర్లు చెప్పుకుంటోంది. శెట్టిగారి మీద కూడా నాకు అంత కోపం రాలేదు. ఆమెను నిలదీద్దామంటే ఏ నోటితో అడగను? టీచరమ్మను పిలిచి చదివించే సంగతా ఇది?

ఆ రోజుల్లోనే స్నానం చేస్తుంటే దవడ కింద చేతికి గడ్డ తగిలింది. ఆసుపత్రిలో చెకప్ రోజు దగ్గరకొచ్చింది. నేను పోకూడదని తేల్చుకున్నాను. మళ్ళీ కోయించుకుని ఎవరి కోసం బతకాలి? పలక మీద రాయలేదు, సైగ చేయలేదు. పైన తువ్వాలు కప్పుకునే తిరిగాను.

రెండు మూడు రోజులకు రత్నమ్మ పెరట్లో నుంచి సరాసరి లోపలికి వచ్చింది. నా తువ్వాలు తీసి, దవడ కింద సరిగ్గా ఆ చోటనే వేలు పెట్టింది.

"ఈడ గడ్డ ఉండాది. నాకు యాల చెప్పలేదు?"

ఎవరు చెప్పారని చేత్తో అడిగాను.

"ఆయప్ప చెప్పినాడు. నువ్వు ఆసుపత్రికి పోనని పట్టు పట్టినావంట. పా, పోదాం."

ఎదిరింటి మనిషి గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. నాలో మిగిలింది ఆ ఒక్క రహస్యం. దాన్నీ నా గొంతే బయటపెట్టేసింది. ఆమెను తోసేశాను. ఆమె కింద కూర్చుని నా కాలు పట్టుకుంది, విడవలేదు. చివరికి పోయాం.

మళ్ళీ వచ్చిందన్నారు. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి తీసేశారు. ఆలస్యం చేసుంటే చెయ్యి దాటేదని డాక్టరు చెప్పారు.

వార్డులో ఉండగా వేంపల్లె నుంచి దావీదని ఒకాయన నా మంచం దగ్గరికి వచ్చాడు. ఆయనకూ నాలాగే మెడలో రంధ్రం. మాలాంటి వాళ్ళను పలకరించడానికే నెలనెలా వస్తాడట. చిన్న మిషను గొంతుకు ఆనించి మాట్లాడాడు. మా గురించి అంతా మా ఆవిడను అడిగి తెలుసుకుని, నా చేతిలో అలాంటిదే ఇంకో మిషను పెట్టాడు.

"ఆమె నీ మాట కోసం కాసుకోనుండాది అన్నా. రేకు డబ్బాలో రాళ్ళేసినట్ల ఉంటాది. సిగ్గుపడొద్దు."

నాకు సిగ్గు కాదు, పంతం వచ్చింది. ఇంటికొచ్చాక రత్నమ్మ నీళ్ళకు పోయినప్పుడల్లా తలుపు వేసుకుని ఒకే మాట సాధన చేశాను. పెరట్లో వాడిని ఓడించాలని.

ఒక మధ్యాహ్నం ఆమె తొట్టి వైపు తిరిగి మాట్లాడుతుండగా వెనక నిలబడి మిషను ఆనించాను. "రత్నా" అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. తొట్టి వైపే చూస్తూ చాలాసేపు చెవి పెట్టి కూర్చుంది. ఏమీ వినబడలేదు. అప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు మాటొచ్చిన సంతోషంతో కాదు. అలాంటి ఏడుపు అంతకుముందు ఒకసారే చూశాను, వాళ్ళమ్మ పోయినప్పుడు.

"పోయినాడు. నువ్వు మాట్లాడే వరకే ఉంటానన్యాడు" అంది.

ఆ తర్వాత ఆ గొంతు మళ్ళీ వినబడలేదు. ఇప్పుడు మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం. ఉప్పు గురించి, మందుల గురించి, అప్పుడప్పుడు భయం గురించి కూడా. ఆమె ప్రతిదానికీ బదులిస్తుంది. బియ్యం ఏరేటప్పుడు మాత్రం ఇప్పటికీ తొట్టి వైపే తిరిగి కూర్చుంటుంది.

నేను చెప్పని గడ్డ సంగతి ఆమెకు ఎలా తెలిసిందో దావీదును అడిగాను, డాక్టరును అడిగాను. నిద్రలో మీ చెయ్యి అక్కడికి పోయి ఉంటుంది, ఆమె గమనించి ఉంటుందన్నారు డాక్టరు. కావచ్చు. మరి నేను విన్నదేమిటి? దానికి ఆయన మందుల చీటీ రాసిచ్చారు.

మొన్న రత్నమ్మను అడిగేశాను, నా గురించి ఆయప్ప ఏమనేవాడని.

ఆమె కాసేపు బియ్యంలో వేళ్ళు ఆడించింది. "లోపల పండుకోనుండాడే, ఆయన్ని బాగా సూసుకో అనేవాడు."

లోపల పడుకున్నది నేను. పెరట్లో కూర్చున్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.