తప్పు నా చేతులదా, స్టీరింగ్ బాక్సుదా

బండి నడిపేవాణ్ణి పక్క సీట్లో కూర్చుని ముసలివాడివయ్యావు అనడం కంటే పెద్ద తిట్టు లేదు. ఆ తిట్టు నన్ను తిట్టింది నా అల్లుడు.

నాది టెంట్ హౌస్. షామియానా గుడ్డలు, ఇనప గొట్టాలు, కుర్చీలు, వంట గిన్నెలు మోయడానికి ఒక పాత పికప్ బండి ఉంది. పవర్ స్టీరింగ్ కాదు, చేతి బలంతో తిప్పేది. ఆ రోజు శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు పెళ్లి సామాను తీసుకుపోతున్నాం. చెరువు దాటాక బండి తనంతట తాను ఎడమకు జరిగింది. ఆ అంచునే ఒకావిడ పాల క్యాను పెట్టుకుని స్కూటర్ మీద పోతోంది. స్టీరింగ్ కుడికి తిప్పాను. స్టీరింగ్ తిరిగింది, చక్రాలు తిరగలేదు. ఇంకా తిప్పితే ఒక్కసారిగా అందుకుంది. జానెడు దూరంలో తప్పింది. ఆవిడ స్కూటర్ ఆపి పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయను. ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నది అందుకు కాదు.

“ఇగ చాలు మామా,” అన్నాడు అల్లుడు. “నీ చేతులు వణుకుతున్నయ్. తాళాలు నాకియ్యి.”

“వణికేది నా చేతులా? స్టీరింగ్ ఖాళీగ తిరుగుతాంది, కనబడ్తలేదా?”

“బండికేమైంది? మంచిగనే ఉంది. నడిపేటోనికే వయసైంది.”

ఇతను ఏదో కంపెనీలో చల్లని గదిలో కుర్చీ మీద పని చేస్తాడు. టైరులో గాలి ఉందో లేదో కాలితో తన్ని చూసే రకం. సెలవు రోజుల్లో వచ్చి నాకు సలహాలు చెబుతాడు. ఆ తాళాలు ఇస్తే నాకు మిగిలేది కుర్చీలు తుడిచే పని. అందుకే అన్నాను.

“స్టీరింగ్ బాక్సు ఇప్పి సూపిస్త. తప్పు బాక్సుదైతే నువ్వు మళ్ల నోరు తెర్వద్దు. నా చేతులదైతే తాళాలు నీవే.”

“మాట మీద ఉంటవా?”

“నీ లెక్క అనుకున్నవా?”

స్టీరింగ్ బాక్సు అంటే మనం తిప్పిన తిప్పును పళ్లతో పట్టుకుని కింది చక్రాలకు అందించే ఇనప డబ్బా. ఆ పళ్ల మధ్య సందు తగ్గించడానికి దాని పైన ఒక స్క్రూ ఉంటుంది. మేడ్చల్ మేస్త్రి అంతకుముందే రెండుసార్లు ఆ స్క్రూ బిగించి పంపాడు. బిగించిన నాడు బాగానే ఉండేది. తర్వాత మలుపు తిరిగితే స్టీరింగ్ తనంతట వెనక్కి రాదు, చేత్తో లాక్కురావాలి. బండి ఎక్కువగా పోయేది నేరుగానే కాబట్టి పళ్లు అరిగేది మధ్యలోనే. అరిగిన చోటికి సరిపోయేలా బిగిస్తే అరగని చోట పట్టేస్తుంది. ఇది తెలియనివాడు మేస్త్రి కాదు, స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి.

అందుకని కుత్బుల్లాపూర్‌లో ఇంకొక పాత మేస్త్రి దగ్గరికి పోయాం. ఆయన అల్లుణ్ణి సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమని, తాను బండి కింద దూరాడు.

“రాడ్లన్ని మంచిగున్నయ్ కాకా,” అన్నాడు కింద నుంచే. “పైన షాఫ్టు తిరుగుతాంది, కింద ఏం కదుల్తలేదు. బాక్సే ఖరాబైంది.”

నేను అల్లుడి మొహం చూశాను. అల్లుడు ఫోన్ చూసుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. మేస్త్రి బాక్సు దింపి మూత తీశాడు. లోపల ఆయిల్ చుక్క లేదు. అంతా గ్రీసు. గట్టిపడి, నల్లబడి, పాత సబ్బు ముక్కలా ఉంది. అందులో పళ్లు తమకు తాము ఒక గాడి చేసుకుని, ఆ గాడిలో పొడిగా తిరిగి అరిగిపోయాయి.

“ఇందుల ఆయిల్ ఉండాలె,” అన్నాడు మేస్త్రి. “పళ్లు తిరుగుతుంటె గ్రీసు పక్కకు జరుగుతది, మళ్ల రాదు. ఆయిలైతె కారుకుంట పళ్ల మీదికే వస్తది. ఏ గాడిద జేసిండు గీ పని?”

“ఎవరు మామా?” అన్నాడు అల్లుడు.

“ఇంకెవడు? మేడ్చల్ మేస్త్రి.”

అది అబద్ధం. గ్రీసు కొట్టింది నేనే. ఏళ్ల కింద బాక్సు కింది సీల్ పోయి ఆయిల్ కారేది. సీల్ మార్పించాలంటే బాక్సు దింపాలి, పెళ్లిళ్ల రోజుల్లో బండి ఆగిపోవాలి. గ్రీసైతే కారదు కదా అనుకున్నాను. ఏటా దసరాకు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే ముందు గ్రీసు గన్ను తెచ్చి బాక్సు నిండా కొట్టేవాణ్ణి. కొట్టి దండం కూడా పెట్టుకున్నాను. అప్పటికి బండితో వచ్చిన పుస్తకం చదవడం రాదని సాకు చెప్పొచ్చు. చదువు వచ్చాక కూడా రెండు దసరాలు గ్రీసే కొట్టాను.

పాత సామాను దుకాణంలో ఇంకో బాక్సు వెతికాం. అల్లుడు పవర్ స్టీరింగ్ పెట్టించమన్నాడు. “నీకు అల్కగుంటది” అన్నాడు. నాకు తేలికగా ఉండేదేమిటో నేను చెబుతాను, నువ్వు కాదు అన్నాను. దుకాణంవాడు నల్లరంగు వేసి మెరిసిపోతున్న బాక్సు ముందుకు తోశాడు.

“కొత్త పెండ్లికొడుకు లెక్కుంది, తీస్కో పెద్దమనిషీ.”

“పెండ్లికొడుకుకు పండ్లున్నయా సూడనియ్యి.”

షాఫ్టును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సగంలో ఆపాను. మంచి బాక్సు సరిగ్గా మధ్యలో కొంచెం బిగువుగా తగలాలి. ఇది మధ్యలో వదులు, చివర్లలో గట్టి. పెళ్లికొడుకును పక్కన పడేసి, మూలన మట్టి కొట్టుకుని ఉన్నదాన్ని తిప్పాను. మధ్యలో చేతికి బిగువు తగిలింది. షాఫ్టు పట్టుకుని పైకీ కిందికీ గుంజితే కదల్లేదు. మట్టి గీకి, పోతపోసిన నంబరు మా పాత బాక్సుదేనని చదివి చూసుకున్నాను.

మేస్త్రి దానికి కొత్త సీళ్లు వేసి, ముందు చక్రాలు నేరుగా పెట్టి, బాక్సును సరిగ్గా మధ్యలో నిలిపి బిగించాడు. ఆయిల్ నేనే పోశాను. మలుపులుంటాయని బహదూర్‌పల్లి మీదుగా చుట్టు తిరిగి వచ్చాం. ప్రతి మలుపులోనూ స్టీరింగ్ తనంతట వెనక్కి వచ్చింది.

“మంచిగైంది మామా,” అన్నాడు అల్లుడు. ఆ మాట బయటికి రావడానికి ఎంత కష్టమైందో చూశాను. మేడ్చల్ వచ్చాక సీట్లో ముందుకు జరిగాడు. “గా మేస్త్రి దుకాణం కాడ ఆపు. గ్రీసు ఎందుకు కొట్టినవ్ అని గల్ల పట్టి అడుగుత.”

“ఒద్దు.”

“ఎందుకొద్దు? జర ఉంటె పాల ఆమె పానం పోతుండె.”

నేను ఆపలేదు. దుకాణం ముందు మేస్త్రి చెయ్యి ఎత్తి నమస్తే పెట్టాడు. నేను పెట్టలేదు. స్క్రూ బిగించిన తప్పు అతనిదే, దానికి ఇప్పటికీ తిడతాను. గ్రీసు తప్పు మాత్రం అతని నెత్తిన వేసి వచ్చాను.

ఈ మాట అల్లుడికి నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. రాయడం అయింది. మా పందెం ప్రకారం తప్పు నా చేతులదే. తాళాలు తలుపు పక్కన మేకుకు ఉన్నాయి, ఇది చదివినవాళ్లెవరైనా అతన్ని వచ్చి తీసుకోమనండి. నెలకోసారి బాక్సుకు ఆయిల్ పోసే చిన్న మూత తీసి, వేలు పెట్టి ఆయిల్ చూసుకోవాలి. దసరాకు నిమ్మకాయలు పెట్టుకుంటాడో లేదో అతని ఇష్టం. గ్రీసు గన్ను మాత్రం ఇవ్వను.