ఎత్తుకునే మనిషి పేరు

"ఆపదొస్తే నిన్నెత్తుకునేదానికి ఆ గోడమీది కాగితంలో మా ఆయన పేరే ఎందుకు రాయించినావు? మిల్లులో ఇంగ మగోళ్లే లేరా?" అని అడిగాను.

"బావైతే జారనీడక్కా. దినామూ బస్తాలు మోస్తాండాడు కదా."

"ఆయన నీకెప్పుడు బావైనాడే? నువ్వేమన్నా శనక్కాయల బస్తావా?"

"బస్తా కన్నా తక్కువే తూగుతా. ఎత్తి చూడు," అని నవ్వింది.

నేను ఎత్తలేదు.

ప్రొద్దుటూరు శనక్కాయల మిల్లులో ఆమె నా పక్కనే కూర్చుని గింజలు ఏరేది. పోలియోతో రెండు కాళ్లూ పడిపోయాయి. ఎక్కడికి పోయినా కూర్చోకముందే, "బయటికి దోవ యాడ?" అని అడిగేది. ఫ్యాక్షన్ రోజులవి. బజారులో బాంబు పడితే మిల్లు ముందువైపు షట్టరు దించేవాళ్లు, మేం వెనక గోడ దూకేవాళ్లం. ఆమె లోపలే మిగిలిపోయేది. అందుకే ఊరంతా చందా అడిగి, వెనక గోడకు వాకిలి తీయించి, తనను ఎత్తుకొచ్చేవాళ్లు తట్టుకోకుండా వాలుగా బండలు పరిపించింది. ఒకరి మొహం ఒకరు చూడని రెండు పార్టీలవాళ్లూ ఆమె ఒళ్లోనే చందా వేశారు. నేనడిగితే గ్లాసు మజ్జిగ పోసేవాళ్లు లేరు. ఆపైన, ఆపదలో ఎవరేం చేయాలో గోడకు కాగితం అంటించింది. అందులో నా మొగుడి పేరు!

మరుసటి రోజు పొద్దున్నే ఆయన్ని పనికి పోనీయకుండా జమ్మలమడుగులో మా చెల్లెలింటికి పంపాను. పది గంటలకు బజారులో బాంబులు పేలాయి. అందరూ వెనక వాకిలికి ఉరికారు. ఆమె మాత్రం కాగితం వైపే చూస్తూ కూర్చుంది. నేనే తిరిగి లోపలికి పోయి, ఎత్తుకుని బయటికి తెచ్చాను.

"నీ పేరే రాయిద్దామా అక్కా?" అంది, నా మెడ వదలకుండా.

"ముందు ఆయన పేరు కొట్టేయ్," అన్నాను.