బ్యూక్ సీటు మీద పసుపు

ఛాయాదేవికి కోపం వస్తే అరవదు. చేతులు కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని పనిలోకి దిగుతుంది. ఆమె సంగతి తెలిసినవాళ్లు ఆ సమయంలో వంటింటి వైపు కూడా వెళ్లరు. 2009 జూన్‌లో ఒక గురువారం పొద్దున, పిస్కాటవేలోని తన ఇంటి గరాజ్‌లో ఆమె అలాగే కళ్లజోడు తుడుచుకుంది.

ఎదురుగా 1962 నాటి బ్యూక్ కారు ఉంది. రిటైరయ్యాక మొగుడు కృష్ణమోహన్ పెట్టుకున్న సరదా అది. సీట్ల మీది బూడిద రంగు ఉన్ని గుడ్డ ఫ్యాక్టరీలో వేసిందే, ఇంతవరకూ మార్చలేదు. పాతకార్ల షోలో జడ్జిలు ముందు చూసేది ఆ గుడ్డనే. ఇప్పుడు ముందు సీటు నడుమ అరచేయంత ఎర్రమరక ఉంది, షో చూస్తే ఆదివారమే.

ముందురోజు ఆయన కారును గుడికి తీసుకెళ్లి పూజ చేయించాడు. పసుపు నీళ్ల పళ్లేన్ని సీటు మీదే పెట్టుకుని బయలుదేరాడు, మలుపులో అది కాస్తా ఒరిగింది. అంతవరకు క్షమించవచ్చు. ఇంటికొచ్చి, పెళ్లానికి మాటైనా చెప్పకుండా, గిన్నెలు తోమే సబ్బు పెట్టి బ్రష్‌తో తోమాడు. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని పసుపు బట్టలు ఉతికిన ఎవరినడిగినా చెబుతారు. బట్టలకు అద్దే రంగుల కంపెనీ ల్యాబ్‌లో ఇరవై ఏడేళ్లు కెమిస్టుగా పనిచేసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన కంప్యూటర్‌లో వెతుక్కున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది అక్కడే.

"ఉన్ని గుడ్డని ఎవరైనా డిష్ సోప్‌తో తోముతారా అండీ?"

"ఇంటర్నెట్‌లో మైల్డ్ అని రాశారు ఛాయా."

"నన్నడగడానికి నోరు రాలేదా?"

"పడుకున్నావేమో అనుకున్నా."

"సాయంత్రం ఐదింటికా?"

ఆయన నేల చూపులు చూశాడు. "సరేలే. షో దగ్గర పడింది, ఏదో ఒకటి చేసిపెట్టు."

ఏదో ఒకటి. ఆమె ఉద్యోగం గురించి ఎవరైనా అడిగినా ఆయన జవాబు అదే, "ఏదో ల్యాబ్‌లో" అని. కిందటేడు వెనక సీటు మీది బూజు మరకలు పోగొట్టింది ఆమె. జడ్జి మెచ్చుకుంటే "ఐ డిడ్ ఇట్" అని చేయి కలిపింది ఆయన. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని ఆమె పక్కనే నిలబడి ఉంది. ఇంటికొచ్చి అడిగితే, మనిద్దరం వేరా అన్నాడు. మెప్పు దగ్గర వేరు కాదట, చాకిరీ దగ్గర మాత్రం ఎప్పుడూ వేరే.

"చేస్తాను. ఎలా చేశానో చెప్పను. నేను పిలిస్తే తప్ప మీరు ఇటు రాకండి. జడ్జి అడిగితే మీరే చెప్పుకోండి."

"అదేం పంతం?"

"పంతమే."

మొదట సీటు కింద, కంటికి కనబడని మూల పరీక్షించి చూసుకుంది. వాక్యూమ్ గొట్టానికి పాత మేజోడు తొడిగి, పోగు లేవకుండా దుమ్ము లాగింది. నీళ్లు కలిపిన వెనిగర్‌ను పంచె ముక్కతో అద్దింది, రుద్దలేదు. ఎరుపు మళ్లీ పసుపుకు తిరిగింది. రబ్బింగ్ ఆల్కహాల్ చుక్క చుక్కగా అద్ది, ఆ పసుపును పంచె ముక్కలోకి లాగింది. మిగిలిన లేత రంగు ఎండకు పోవాలి. కారు బయట పెట్టించి, ఆయన్ను లోపలికి పంపి, తలుపు తెరిచింది. ఎండకు గుడ్డ కూడా వెలిసిపోతుంది కనుక మరక మేరకు కన్నం కత్తిరించిన దుప్పటి సీటంతా కప్పింది. రెండు రోజులు గంటకోసారి వెళ్లి చూసింది. అద్దుతున్నంతసేపూ మొగుణ్ణి లోలోపల తిడుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా బరువు కాలేదు.

ఆదివారం తలనెరిసిన జడ్జి టార్చి వేసి సీటంతా చూశాడు, ఏమీ కనబడలేదు. కృష్ణమోహన్ ఊరుకుంటే సరిపోయేది. ఉండబట్టలేక పసుపు ఒలికిన కథంతా చెప్పాడు. జడ్జికి ఆసక్తి పుట్టింది. తన ఇంట్లో ఓ టేబుల్ క్లాత్ మీద కూర మరక ఏళ్ల తరబడి అలాగే ఉందట. దీన్ని ఎలా తీశారని అడిగాడు.

కృష్ణమోహన్ వెనక్కి చూశాడు. ఛాయాదేవి మడత కుర్చీలో కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఐ యూజ్డ్ ఎ మైల్డ్ సోప్," అన్నాడు.

సబ్బు పెడితే మా మరక ఎర్రబడిందే అన్నాడు జడ్జి. పక్క కార్లవాళ్లు ఇద్దరు వినడానికి దగ్గరికి జరిగారు. కృష్ణమోహన్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మళ్లీ వెనక్కి చూశాడు. ఆమె కాఫీ ఊదుకుంటోంది.

"ఐ డోంట్ నో," అన్నాడు చివరికి. "మై వైఫ్ డిడ్ ఇట్. షీ ఈజ్ ఎ డై కెమిస్ట్."

ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట నలుగురిలో వినడం అదే మొదలు. వింటే సంతోషంగా ఉంటుందనుకుంది. లేదు. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లు పట్టిందా అని కోపం రెట్టింపైంది.

జడ్జి కాగితం, పెన్ను పట్టుకుని ఆమె ముందుకొచ్చి పేరు అడిగాడు. ఛాయాదేవి లేచింది. చేతిలోని ఫ్లాస్కు మొగుడికి అందించింది.

"పట్టుకుని ఇక్కడే నిలబడండి," అంది.