కదలని రిబ్బన్

నా చిన్నప్పుడు నాకు చీకటన్నా, బల్లులన్నా, లెక్కల టీచరన్నా భయం ఉండేది కాదు. గాలంటే భయం ఉండేది. ఈ మాట చెబితే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ అని ఊరుకుంటాను. ఆ చలికాలం ఖతర్ దేశపు దోహాలో ఉన్నవాళ్ళెవరూ నవ్వరు.

అప్పుడు నాకు పదేళ్ళు, మా చెల్లికి మూడు. ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. వారమంతా ఊరికి దూరంగా దుఖాన్ సైట్‌లో ఉండి గురువారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. కువైట్ యుద్ధం మొదలయ్యాక ఆమెకు సెలవన్నదే లేకుండా పోయింది. మా బడి మాత్రం కొన్నాళ్ళు మూసేశారు. కరీంనగర్ నుంచి మా నానమ్మ ఫోన్ చేసి, "దుబాయ్‌ల బాంబులు పడ్తున్నయట గదా బిడ్డా" అని ఏడ్చేది. మేమున్నది దుబాయ్ కాదని ఆమెకు చెప్పడం నాన్న ఎప్పుడో మానేశాడు.

ఇరాక్ వేసే రాకెట్లతో పాటు విషవాయువు కూడా వస్తుందని అప్పటి పుకారు. ఇంట్లో ఒక గదిని ఎంచుకుని, గాలి చొరబడకుండా టేపు అంటించుకోవాలని అందరూ చెప్పుకునేవాళ్ళు. నాన్న కూడా వెడల్పాటి గోధుమరంగు టేపు తెచ్చి పడకగది కిటికీకి, ఆ కిటికీలో బిగించిన ఏసీ చుట్టూ అంటించాడు. సైట్‌కి వెళ్ళేముందు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. పెద్ద చప్పుడేదైనా అయితే చెల్లిని తీసుకుని ఈ గదిలోకి రా, గడియ పెట్టు, తలుపు కింద తడి టవల్ దోపు, బయట గాలి మంచిదని తెలిసేదాకా ఎవరొచ్చినా తీయకు అన్నాడు. పెద్దదాన్నని నాకు ఇంత పని అప్పగించినందుకు గర్వపడ్డాను. ఆ గర్వం సాయంత్రానికే పోయింది. భయం ఉండిపోయింది.

అమ్మ డ్యూటీకి పోతే మమ్మల్ని చూసుకునేది పక్కింటి అక్క. కడప వైపు ఆమె, పెళ్ళయి రెండేళ్ళు. ఆంటీ అని పిలిస్తే పలికేది కాదు. ఆమె భర్త ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టర్. ఆ దుకాణానికి అరబ్బు ఇళ్ళ నుంచి వచ్చే రిబ్బన్ పనంతా అక్క చేతికే వచ్చేది. బిడ్డ పుడితే చూడవచ్చిన వాళ్ళకు పంచే చాక్లెట్ పళ్ళేలకు పువ్వులు చేసేది. పెళ్ళి బహుమతులకు ముడులు కట్టేది. ఆ నెలలో మాత్రం అన్నీ గరంగావ్ సంచులే. రంజాన్ నెల సగమయ్యాక అక్కడి పిల్లలు పాడుకుంటూ ఇంటింటికీ వెళ్తే గింజలూ మిఠాయిలూ పోసి ఇస్తారు, అందుకోసం సంచులు. ఒక విల్లా వాళ్ళు చాలా ముందే చెప్పి పెట్టారు. యుద్ధంలో ఇవెందుకని అడిగితే, "యుద్ధమొచ్చిందని పండగ మానుకుంటారా పాపా" అంది అక్క.

నేను రిబ్బన్ పని నేర్చుకున్నది ఆ ఇంటి నేల మీదే. ఏటవాలుగా కోసి, కోసిన అంచును కొవ్వొత్తి సెగకు చూపిస్తే పోగులు ఊడవు. ఫోర్కు పళ్ళ మధ్య తిప్పి లాగితే గోరంత ముడి వస్తుంది. మడుస్తూ చుడుతూ పోతే గులాబీ అవుతుంది, నా చేతిలో మాత్రం క్యాబేజీ అయ్యేది. మిగిలిన ముక్క ఒక్కటి కూడా అక్క పారెయ్యనిచ్చేది కాదు. పాత గాజులకు చుట్టి చెల్లికి కొత్త గాజులు చేసింది. బిస్కెట్ డబ్బాకు అంచు అంటించి సూదుల డబ్బా చేసుకుంది. నా పుస్తకాలన్నిటిలో రంగురంగుల గుర్తులు పెట్టింది. ఒక్క బంగారు రంగు చుట్టను మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. అది పెద్ద ముడుల కోసమట, నలిగితే పనికిరాదట.

చేతులు రిబ్బన్ మీద ఉన్నా నా చెవులు కిటికీ దగ్గరే ఉండేవి. ఉత్తరం నుంచి షమాల్ గాలి వీచే రోజులవి. ఎంత టేపు వేసినా ఏసీ పక్క సందులోంచి సన్నగా ఈల మోగేది. ఆ ఈల వినిపిస్తే నేను కంచం వదిలేసి కిటికీ దగ్గరికి పోయేదాన్ని. అక్క రెండు రోజులు చూసి, వేలెడు శాటిన్ రిబ్బన్ ముక్క కోసి నా చేతిలో పెట్టింది.

"చెవితో ఇంటే అన్నీ దయ్యాలే. కంటితో జూడు. ఈ ముక్కను సందు కాడ పట్టుకో. కదిల్తే గాలొస్తాందని, కదలకపోతే లేదని. కదిలిన కాడ టేపెయ్యి, అంతే."

భయపడుతూ కూర్చునే బదులు ఏదో ఒక పని చేసుకుంటానని ఆమె ఉద్దేశం. మొదటిరోజు బాగానే ఉంది. రెండోరోజు నుంచి పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టయింది. ఆ ముక్క ఎంత తేలికంటే చెల్లి పక్కనుంచి పరుగెత్తినా కదిలేది, నేను నిట్టూర్చినా కదిలేది. కదిలిన ప్రతిచోటా టేపు మీద టేపు వేశాను, గాలి కనిపెట్టడానికి అక్క దగ్గర ఇంకొన్ని శాటిన్ ముక్కలు తెచ్చి అక్కడక్కడా అంటించాను. టేపు అందని సందుల్లో అమ్మ కలిపిపెట్టిన చపాతీ పిండి కూరాను. చివరికి ఆ గది మొత్తంలో రిబ్బన్ కదలని చోటు ఒక్కటే దొరికింది. చెక్క బీరువాలో దుప్పట్లు పెట్టే కింది అర. దాని తలుపు బిగుతుగా పడేది.

ఒక బుధవారం మధ్యాహ్నం మా పడకగదిలో చెల్లి నిద్రపోతోంది. తయారైన సంచులు చూపించి వస్తానని, త్వరగా వచ్చేస్తానని చెప్పి అక్క వాళ్ళాయనతో దుకాణానికి వెళ్ళింది. ఆమె వెళ్ళాక గాలి హోరెత్తింది. ఆకాశం మట్టిరంగుకు తిరిగింది. ఉన్నట్టుండి కింద పెద్ద చప్పుడైంది. డాబా మీది నీళ్ళ ట్యాంకు మూత ఎగిరి సందులో పడిందట, ఆ సంగతి తర్వాత తెలిసింది. సరిగ్గా అప్పుడే కిటికీ దగ్గర అంటించిన శాటిన్ ముక్క అడ్డంగా లేచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నాన్న చెప్పినట్టే గడియ పెట్టాను, తడి టవల్ దోపాను. కిటికీ దగ్గర ముక్క ఎగురుతూనే ఉంది. చెల్లిని లేపి, రెండు చేతుల్లో రెండు బిస్కెట్లు పెట్టి, బీరువా కింది అరలో కూర్చోబెట్టాను. ఆటనుకుని నవ్వింది. తలుపు మూసి చుట్టూ టేపు అంటించాను. నాకు లోపల చోటు లేదు. నేను చచ్చిపోయినా చెల్లి బతుకుతుందని నిజంగానే అనుకున్నాను. శాటిన్ ముక్క తీసుకుని బీరువా తలుపు నాలుగు వైపులా పట్టి చూశాను. ఎక్కడా కదలలేదు. అన్ని రోజుల్లో మొదటిసారి నా మనసు కుదుటపడింది.

కాసేపటికి చెల్లి ఏడవడం మొదలుపెట్టింది, తలుపు తన్నింది. ఏడవకని బయటినుంచి బతిమాలాను. చాలాసేపటికి ఏడుపు సన్నబడింది. తర్వాత ఆగిపోయింది. మంచి పిల్ల, పడుకుంది అనుకున్నాను.

అమ్మ ఇచ్చిన తాళంచెవితో అక్క ముందు తలుపు తీసుకుని వచ్చి మా గది తలుపు తట్టింది. గాలి మంచిదని తెలిసేదాకా తీయనన్నాను.

"సరేలే, తియ్యొద్దు. చిన్నది ఏం జేస్తాంది?"

"బీరువాల పెట్టిన అక్కా. మొత్తం టేపేసిన. రిబ్బన్ జెర్రంత గూడ కదుల్తలేదు."

అక్క అప్పుడు అరిచి ఉంటే నేను ఇంకా బిగుసుకుపోయేదాన్ని. ఆమె అరవలేదు. తన ఇంటికి పరిగెత్తడం, మళ్ళీ పరిగెత్తుకు రావడం మాత్రం వినిపించాయి. వచ్చి, ముడి ఎట్లా వేయాలో చెప్పే గొంతుతోనే చెప్పింది.

"బయట గాలి మంచిదో కాదో నువ్వే జూడు పాపా. తలుపు కింద నుంచి రిబ్బన్ పంపిస్తా. కదిల్తే తియ్యొద్దు. కదలకపోతే తీస్తావా?"

న్యాయమైన మాటే అనిపించి సరేనన్నాను. తడి టవల్ కిందనుంచి బంగారు రంగు మొన ఒకటి తోసుకుని వచ్చి, పైకి లేచి నిలబడింది. నేను నేల మీద బోర్లా పడుకుని చూశాను. నా చెంపకు చల్లగా ఏదో తగిలినట్టే ఉంది, కానీ అప్పటికి నేను చెంపను కాక రిబ్బన్‌ను నమ్మే పిల్లనైపోయాను. అది కదలలేదు. లేచి గడియ తీశాను.

అక్క నన్ను తోసుకుంటూ లోపలికి వచ్చి గోళ్ళతో టేపు చీల్చింది. చెల్లి ముఖం కందిపోయి ఉంది. జుట్టంతా చెమటతో తడిసి ముద్దయింది. ఎత్తుకుంటే తల వేలాడిపోయింది. అక్క ఒక చేత్తో దాన్ని భుజాన వేసుకుని, రెండో చేత్తో కిటికీ టేపు పీకి రెక్క తెరిచింది. దుమ్ముతో సహా గాలంతా గదిలోకి వచ్చింది. కిటికీ మూయమని నేను ఏడుస్తున్నాను, అక్క చెల్లి వీపు రాస్తోంది, చెల్లి కళ్ళు తెరవడం లేదు. అది ఎంతసేపో నాకు తెలియదు. చివరికి దగ్గింది. గుక్కపట్టి ఏడ్చింది. అక్క అట్లాగే నేల మీద కూలబడి దానికంటే గట్టిగా ఏడ్చింది.

అంత గాలికి నేను అంటించిన శాటిన్ ముక్కలన్నీ ఊడి గదంతా ఎగురుతున్నాయి. తలుపు దగ్గర బంగారు రిబ్బన్ మాత్రం నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉంది. ఇదెందుకు కదలడం లేదని అడిగాను. మొదటిసారి దాన్ని నన్ను ముట్టుకోనిచ్చింది. రెండు అంచుల్లోనూ వెంట్రుకంత సన్నటి తీగ ఉంది.

"అబద్ధం చెప్పినా నీకు. బయట గాలి కొడ్తానే ఉండె," అంది కళ్ళు తుడుచుకుంటూ. "కదలకపోతే మంచిదని చెప్పడమే నా తప్పు. ఇట్ల రా."

చెల్లి ఏడ్చి ఏడ్చి ఆమె ఒళ్ళోనే నిద్రపోయింది. అక్క నా చేతికి శాటిన్ ముక్క ఇచ్చి చెల్లి ముక్కు కింద పట్టించింది. ముక్క కొద్దిగా కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

"ఇది కదలాల. నువ్వు ఇదొక్కటే జూసుకో. తక్కిందంతా పెద్దోళ్ళం మేం జూసుకుంటాం."

అమ్మ వచ్చేదాకా నేను అక్కడినుంచి లేవలేదు. జరిగిందంతా అక్కే చెప్పింది, తప్పు తన మీదే వేసుకుంది. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఒక చేత్తో చెల్లి నాడి పట్టుకుని, రెండో చెయ్యి నా తల మీద వేసి చాలాసేపు అట్లాగే కూర్చుంది.

కొన్ని వారాలకు యుద్ధం ఆగిపోయింది. మేం భయపడిన గాలి మా వీధికి రానే లేదు. మా ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చింది ఆ గాలి కాదు, నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. గరంగావ్ నాడు అక్క మిగిలిన బట్టతో మా ఇద్దరికీ చెరొక సంచి కుట్టి వేరుశనగలు పోసి ఇచ్చింది. ఆ తర్వాత వాళ్ళు కడప వెళ్ళిపోయారు.

ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్ళినా నేను ముందు కిటికీలు తెరుస్తాను. దుమ్మొస్తుందని మా ఆయన గొణుగుతాడు. దుమ్మొస్తే తుడుచుకోవచ్చు. నా పర్సులో ఒక శాటిన్ ముక్క ఎప్పుడూ ఉంటుంది.

పోయిన ఏడు మా చెల్లికి ఆపరేషన్ అయింది. మంచం పక్కన మిషన్ మీద గీతలు కదులుతున్నాయి, అంతా బాగానే ఉందని డాక్టరు చెప్పి వెళ్ళాడు. నాకు మనసొప్పలేదు. పర్సులోంచి ఆ ముక్క తీసి చెల్లి ముక్కు కింద పట్టాను. నర్సమ్మ నన్ను వింతగా చూసింది. ముక్క కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

"బిస్కెట్లేవి అక్కా?" అంది చెల్లి, కళ్ళు తెరవకుండానే.

ఇన్నేళ్ళలో ఎప్పుడడిగినా ఆ బీరువా రోజు సంగతి తనకేమీ గుర్తులేదనే చెప్పింది. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. ఆ ముక్క ఇప్పటికీ పర్సులోనే ఉంది. పోగులు ఊడుతుంటే అక్క నేర్పినట్టే కొవ్వొత్తి సెగకు చూపించి మళ్ళీ అందులోనే పెట్టుకుంటాను.